పడుకునే ముందు ఒకటి

మా అత్తగారి మీద నా ఫిర్యాదు చిన్నదే. పెళ్ళికాని ఆడపిల్ల కనబడితే ఆవిడకి చేతులు ఊరుకోవు. మెట్రోలో పక్కన కూర్చున్న పిల్లని చైతన్యపురిలో గోత్రం అడిగి, విక్టోరియా మెమోరియల్ వచ్చేలోపు సంబంధం చెప్పేస్తారు. నాలాంటి పెళ్ళయినవాళ్ళని చూస్తేనే ఆవిడకి నీరసం. మా విషయంలో ఇంక చెయ్యడానికేం మిగల్లేదు కదా.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడ కింది రెండంతస్తులూ లేడీస్ హాస్టల్. కోచింగు పిల్లలు, షాపుల్లో పనిచేసే పిల్లలు ఉంటారు. వార్డెనూ, కూరలో ఉప్పు చూసేదీ, డాబా మీద ఫోన్లు మాట్లాడేవాళ్ళని పట్టుకునేదీ అత్తగారే. పేరు సూర్యప్రభ. మేడమ్ అంటే ఒప్పుకోరు, అందరూ "అమ్మా" అనాల్సిందే.

భానుప్రియని మా దగ్గరికి తీసుకొచ్చింది స్వరూపరాణి. ఎల్బీనగర్‌లో ఒక సంస్థలో పనిచేస్తుంది. మనసు బాగోక, ఇంట్లోంచి వెళ్ళగొట్టబడి రోడ్డున పడబోయే వయసొచ్చిన పిల్లలకి డాక్టర్ని, మందుల్ని, పడకని, చిన్న ఉద్యోగాన్ని కుదిర్చి, నాలుగూ ఒకదాన్నొకటి వదలకుండా చూసుకోవడం ఆవిడ పని. స్కూటీ మీద రోజంతా అదే తిరుగుడు.

"మంచానికి నాలుగు కోళ్ళు ఆంటీ," అంది మొదటిరోజు. "ఒక్కటి ఇరిగినా పిల్ల కింద పడ్తది. మీరు పడక ఇయ్యుండ్రి. రాత్రి పండుకునే ముందు మాత్ర మీ చేత్తోని ఇయ్యుండ్రి. మింగేదాక చూడుండ్రి. గంతే."

"నా కూతురికైతే ఇవ్వనా!" అన్నారు అత్తగారు. ఆవిడకి కూతుళ్ళు లేరు.

భానుకి ఇరవై ఒకటి. హయత్‌నగర్ అవతల ఊరు. చెవిలో ఎవరో తిడుతున్నారని మొదలైందట. తండ్రి సైదులు ముందు తాయెత్తు కట్టించాడు, తర్వాత వేపమండలతో కొట్టించాడు, చివరికి ఎల్బీనగర్ బస్టాపులో కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసా తెస్తానని వెళ్ళాడు. ఆ నీళ్ళు ఇప్పటికీ రాలేదు.

మందులు పడ్డాక పిల్ల నెమ్మదించింది. కాస్త ఒళ్ళు చేసింది, ఎప్పుడూ మగతగా ఉండేది. కొత్తపేటలో చీరల షాపులో చీరలు మడతపెట్టే పని. మడత నలగకుండా భలే పెట్టేది.

"తిట్టేవాళ్ళు ఇంకా ఉన్నారా?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నరక్కా. గని పక్కింట్ల ఉన్నట్టున్నరు."

పక్కింటివాళ్ళంటే సర్దుకుపోవచ్చు. మేమందరం అదే చేస్తున్నాం.

అక్కడితో ఆగితే బాగుండేది. అత్తగారు ఊరుకోలేదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో సినిమా సెట్టింగులకి చెక్కపని చేసే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. వాళ్ళమ్మ వచ్చి భానుని కిందినుంచి పైదాకా చూసి, "పిల్ల మంచిదే గని, జర నిద్రమొగం. లావు గూడ," అని వెళ్ళింది. తన పులుసు నీళ్ళలా ఉందని ఎవరో అన్నంత అవమానమైంది అత్తగారికి.

"నెల తిరిగేసరికి నిగనిగలాడేలా చేసి చూపిస్తాను," అన్నారు.

"జబ్బు సంగతి వాళ్ళకి చెప్పారా అత్తయ్యా?"

"పెళ్ళయితే అదే సర్దుకుంటుంది. నువ్వు సర్దుకోలేదూ?"

భాను నిజంగానే చురుకైంది. సన్నబడింది. తెల్లారకముందే లేచి మెట్లు కడిగేది. అత్తగారు దాన్ని చూపించి మిగతా పిల్లల్ని దెప్పేవారు. తర్వాత అది రాత్రిళ్ళు కూడా మెట్లు కడగడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నం గిన్నె వదిలేసి ఫ్యానుతో కొట్లాడింది. పక్కమంచం పిల్ల పుస్తకాలు తనమీద రాసినవని చింపేసింది. ఆవేళ మధ్యాహ్నమే అత్తగారు దాని బ్యాగు గేటు బయట పెట్టారు.

"ఇది హాస్టలమ్మా, ఆసుపత్రి కాదు," అన్నారు. సంబంధం అప్పటికే తప్పిపోయింది.

రెండ్రోజులకి స్వరూపరాణికి ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద దొరికింది. చెప్పుల్లేవు. జడ ఎవరో కత్తిరించుకుపోయారు. జుట్టుకి కూడా గిరాకీ ఉందిగా.

ఆదివారం మా హాల్లో అందరూ కూర్చున్నారు. స్వరూపరాణి, ఆవిడ పిలిపించిన సైదులు, అత్తగారు, గోడ వారగా భాను. ఎల్బీనగర్‌లో సంస్థ నడిపే ఇంట్లో ఒక్క పడక ఖాళీగా ఉంది. మందులు వేసుకోనివాళ్ళని అక్కడ ఉంచుకోరు. భాను వేసుకుందా లేదా తేల్చి సాయంత్రంలోపు డాక్టరుకి చెప్పాలి. లేదంటే ఆ పడక ఇంకొకరికి, భాను మళ్ళీ ఫ్లైఓవర్ కిందికి.

"నా ఇంటికి తోలకుండ్రి," అన్నాడు సైదులు, ఎవరూ అడక్కముందే. "చిన్నదానికి సంబంధం వచ్చింది. ఈమె ఇంట్ల ఉంటే ఎవడొస్తడు?"

"ఈమె గూడ నీ బిడ్డనే కదా సైదులన్నా."

"బిడ్డ కాబట్టే ఇంత దూరం వచ్చిన."

స్వరూపరాణి భాను వైపు తిరిగింది. "మాత్రలు మింగినవా?"

"అమ్మ ఇచ్చింది. రోజూ మింగిన."

అత్తగారు నిట్టూర్చారు. "దానికేం గుర్తుంటుందమ్మా పాపం. నాలిక కింద పెట్టుకుని ఉమ్మేసేదేమో. నేనెంతకని చూస్తాను?"

అందరూ భానునే చూశారు. పిచ్చిదానికీ, హాస్టలు నడిపే పెద్దావిడకీ మధ్య ఎవరి మాట నిలుస్తుందో చెప్పాలా?

"నిజం చెప్పు భానూ. ఉమ్మేసినవా?"

ఆ పిల్ల తన అరచేతిలోకి చూసుకుంది. "ఏమో అక్కా. మింగినట్టే ఉన్నది నాకు. తిట్టేటోళ్ళు గూడ ఉన్నట్టే ఉంటరు గద. గది ఉత్తదే అన్నరు మీరు. గిది గూడ ఉత్తదేనేమో."

లేచొచ్చి అత్తగారి కాళ్ళు పట్టుకుంది. "తప్పయింది అమ్మా. నేనే మింగలేదు కావచ్చు."

అత్తగారు దాని కత్తిరించిన జుట్టు మీద చెయ్యి వేసి, "పోనీలే," అన్నారు. క్షమించేశారు.

నేను కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను. పొడి అయిపోయింది. కొత్త పొట్లం కోసం పై అరలో వెతికితే, అత్తగారు ఎవర్నీ ముట్టుకోనివ్వని బిస్కెట్ల డబ్బా చేతికొచ్చింది. లోపల బిస్కెట్లు లేవు. స్వరూపరాణి తెచ్చిచ్చిన మాత్రల అట్టలు ఉన్నాయి, ఒక్క మాత్ర కూడా తియ్యకుండా. పక్కనే బి-కాంప్లెక్స్ బలం మాత్రల సీసా, దాదాపు ఖాళీ.

కాఫీ మానేసి, డబ్బా కొంగు చాటున పెట్టుకుని హాల్లోకొచ్చాను.

"అత్తయ్యా, మీకొకటి చెప్పాలి. రోజూ పొద్దున మీకు నేనిచ్చేది బీపీ మాత్ర కాదు. బి-కాంప్లెక్స్."

"ఏంటీ?"

"ఆ మాత్రతో మీ మొహం ఉబ్బినట్టుంటోంది. పేరంటాల్లో బాగోదని నెల్రోజులుగా ఆపేశాను. మీకు తెలిస్తే ఒప్పుకోరని చెప్పలేదు."

అత్తగారు చివాల్న లేచారు. "నీకు మతుందా? నేను చస్తేనో? డాక్టరు రాసిన మందు ఆపడానికి నువ్వెవరివే?"

"ఎవర్నీ కాదు. ఊరికే అన్నాను, మీ బీపీ మాత్ర మీకు సరిగ్గానే ఇస్తున్నాను," అని డబ్బా మూత తీసి ఆవిడ ముందు టీపాయ్ మీద పెట్టాను.

స్వరూపరాణి ఒక అట్ట తీసి వెనకా ముందూ చూసింది. అత్తగారు కూర్చున్నారు. "నాలుగు రోజులు హుషారుగా కనిపిస్తే పెళ్ళవుతుంది కదా అని..." అన్నారు, టీపాయ్‌తో చెప్తున్నట్టు.

స్వరూపరాణి అప్పటికే డాక్టరుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "సార్, భానుప్రియ గురించి. హాస్టలామె మీకు చెప్తదట."

"నేనండీ... ఆ మాత్రలు..." అన్నారు అత్తగారు.

"వినబడట్లేదండీ, ఇక్కడ రష్‌గా ఉంది. పేషెంట్ మందులు తీసుకోవట్లేదు, అంతేగా? అలాగే రాసేస్తున్నాను."

ఆదివారం భోజనం కంచాలతో హాస్టలు పిల్లలు మెట్ల మీద ఆగిపోయారు. భాను ఇంకా ఆ కాళ్ళ దగ్గరే, క్షమాపణ దొరికిన మొహంతో కూర్చుని ఉంది. అత్తగారు మెట్ల వైపు చూశారు, పిల్ల వైపు చూశారు, ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని నోటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"రాయకండి! ఆ పిల్ల మింగింది. నేనేదిస్తే అదే మింగింది. మందు ఆపేసింది నేను. వినబడుతోందా? తప్పు నాదండీ, నాది!"