అద్దెకిస్తామంటే నవ్విన పెద్దలు

తైవాన్‌లోని లూకాంగ్‌లో ఇల్లు అద్దెకివ్వాలంటే దిగేవాళ్లు ఒప్పుకుంటే చాలదు, పైకి పోయినవాళ్లు కూడా ఒప్పుకోవాలి. ఈ సంగతి పావోలియెన్‌కి తెలియక కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇంటి కోడలు. ముందుగదిలో, పోయిన అత్తగారితో సహా పెద్దల పేర్లు చెక్కిన పలకల ముందు పొద్దునా సాయంత్రం అగరొత్తులు వెలిగించేది ఆవిడే. అయినా ముందు గుమ్మానికి బోర్డు కట్టేసి, దిగే మనిషితో మాట్లాడేసుకుని, పెద్దల్ని ఆఖర్న అడుగుదాంలే అనుకుంది. ముహూర్తం పెట్టేశాక పెళ్లికూతుర్ని ఇష్టమేనా అని అడిగినట్టు.

మరిది కున్‌హాయ్ ఊరుకుంటాడా! ఆదివారం పొద్దున్నే తైచుంగ్ నుంచి బస్సు దిగి, పెద్దల్ని అడక్కుండా ఇటుక కూడా అద్దెకివ్వడానికి లేదన్నాడు. ఆయన బాధ ఆయనది. ఇల్లు అద్దెకిచ్చేస్తే, అన్న పోయాక మిగిలిన ఒక్క కొడుకు కాబట్టి పలకలు ఆయన ఫ్లాటుకే రావాలి. అవి వస్తే పండగపండక్కీ కోడి ఉడకబెట్టి, చేప వేయించి నైవేద్యం పెట్టే పని ఆయన భార్య మీద పడుతుంది. ఆవిడ నోటి ధాటి ఆయనకు బాగా తెలుసు. అందుకే ఆ వేళ ఆయనకు పెద్దల మీద పొంగుకొచ్చిన భక్తి అంతా ఇంతా కాదు.

పావోలియెన్ సరేనంది. తూర్పున హువాలియెన్‌లో సముద్రానికెదురుగా ఒక గది చూసి పెట్టుకుంది. యాభై తొమ్మిదేళ్లొచ్చాయి, ఒంటరిగా ఒక గదిలో ఉండటం ఎలా ఉంటుందో ఆవిడ ఇంతవరకు ఎరగదు. కానీ పెద్దలు కాదంటే వెళ్లలేదు. వెళ్లినా అక్కడ కంటికి కునుకు రాదు. ఊళ్లో అందరికీ మాత్రం మోకాళ్ల నొప్పులనీ, ఈ ఇంటి మెట్లు ఎక్కలేకపోతున్నాననీ చెప్పింది.

అడగడానికి ఎర్ర రంగు వేసిన నెలవంక చెక్కలు రెండుంటాయి. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. ప్రశ్న అడిగి నేల మీదకు వదిలితే, ఒకటి అలా ఒకటి ఇలా పడితే పెద్దలు సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే కాదన్నట్టు. రెండూ చదును పైకి పడితే ఉబ్బుల మీద అటూ ఇటూ ఊగుతాయి. అప్పుడు పెద్దలు నవ్వుతున్నారని అర్థం, మళ్లీ అడగాలి. వరసగా మూడుసార్లు సరే వస్తేనే పని జరిగినట్టు.

పావోలియెన్ మోకాళ్ల మీద కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు విన్నవించుకుని, మోకాళ్ల నొప్పుల వల్ల ఇల్లు అద్దెకిద్దామనుకుంటున్నానని చెప్పి చెక్కలు వదిలింది. రెండూ ఊగాయి.

అడగడం సరిగ్గా రాలేదన్నాడు కున్‌హాయ్. ఈసారి ఆవిడ మెట్లు ఎన్ని, ఎంత నిటారు, డాక్టరు ఏమన్నాడు, అన్నీ వివరంగా చెప్పింది. చెక్కలు మరింత హుషారుగా ఊగాయి. మోకాళ్లు వదిలేసి పైకప్పు అందుకుంది. మనుషులుంటేనే ఇల్లు నిలుస్తుందని బతిమాలింది. పెద్దలు దానికీ నవ్వారు. కున్‌హాయ్ మొహం చేటంత అయింది.

ఇంట్లో దిగబోయే రూచిన్ గుమ్మం దగ్గర స్టూలు మీద టీ చల్లారబెట్టుకుంటూ ఇదంతా చూస్తోంది. పిల్లలకు ట్రంపెట్ నేర్పే అమ్మాయి. ఉన్నచోట ఇరుగుపొరుగులు దండం పెట్టి సాగనంపారు. ఇక ఆగలేక, తానెవరో పెద్దలకు తెలియాలి కదా అంటూ వచ్చి పక్కన కూర్చుంది. తన పేరు, ఊరు చెప్పుకుంది. ట్రంపెట్ సంగతి కూడా దాచలేదు. ఇక కాదనడం ఖాయమని కున్‌హాయ్ చేతులు రుద్దుకున్నాడు. చెక్కలు ఇంకా ఎక్కువసేపు ఊగాయి.

“ఇలా కాదు, నేనడుగుతా జరగండి” అని ఆయనే చెక్కలు అందుకున్నాడు. తనకంటూ స్వార్థమేమీ లేదనీ, వదిన క్షేమం కోసమే అడుగుతున్నాననీ, ఆవిణ్ణి ఇక్కడే ఉండమంటారా అనీ అడిగాడు. పెద్దలు దానికీ పడీపడీ నవ్వారు.

రూచిన్ ముక్కు మూసుకుంది గానీ నవ్వు చెవుల్లోంచి వచ్చేలా ఉంది. పావోలియెన్ ఆ అమ్మాయిని చూసి నవ్వింది. ఆ ఇద్దర్నీ చూసి కున్‌హాయ్ కూడా నవ్వేశాడు. అంత నవ్వాక అబద్ధం చెప్పే ఓపిక ఆవిడకు మిగల్లేదు. కళ్లు తుడుచుకుని చెక్కలు దోసిట్లోకి తీసుకుంది.

“అత్తయ్యా, నా మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి. మొన్న పార్కులో డాన్సు కూడా చేశాను. నాకు వెళ్లాలనుంది, అంతే. ఎక్కడికెళ్లావు, ఎప్పుడొస్తావు అని ఎవరూ అడగని చోట ఉండాలనుంది. ఆకలేసినప్పుడు నేనే ముందు తినాలనుంది. మీ మీద కోపంతో కాదు. వెళ్లనా?”

ఒకటి అలా, ఒకటి ఇలా పడ్డాయి.

ఒక్కసారికేం, గాలికి పడి ఉంటుందన్నాడు కున్‌హాయ్. లేచి వెళ్లి తలుపు కూడా మూసొచ్చాడు. రెండోసారీ సరే వచ్చింది. మూడోసారి ఒక చెక్క ఎగిరి పలకలున్న బల్ల కిందికి దూరింది. బయట పడ్డది ఉబ్బు పైకి ఉంది. లోపలిది ఎలా పడిందో తెలియదు. ముట్టుకుంటే లెక్కకు రాదు. ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని, చెంపలు గచ్చుకు ఆనించి బల్ల కిందికి చూశారు. రూచిన్ ఫోను లైటు వేసింది.

“చదునే ఆంటీ, చదును పైకే ఉంది” అంది.

పావోలియెన్ పడుకున్న చోటే కాళ్లు తపతపా కొట్టుకుంది. ఆ వయసులో ఆవిడ అలా చేయడం కున్‌హాయ్ ఎన్నడూ చూడలేదు. ఆయన మాత్రం లేచి, భార్యకు ఫోను చేయడమా, లేక పలకలు పట్టుకుని నేరుగా వెళ్లిపోవడమా, ఏది తక్కువ ప్రమాదమో రూచిన్‌ని సలహా అడిగాడు.

పని అయిపోయింది. కానీ పావోలియెన్ లేచాక బల్ల కింద చెక్కను తీసుకుని, రెంటినీ మళ్లీ దోసిట్లో పట్టుకుని కూర్చుంది. ఈసారి పేరూ ఇంటి నంబరూ ఏమీ చెప్పలేదు.

“అత్తయ్యా, వెళ్లిపోతున్నానని నా మీద కోపమా?” అని మెల్లిగా అడిగి వదిలింది.

రెండూ ఉబ్బు పైకి పడి కదలకుండా ఉండిపోయాయి. ఆ గదిలో అలా పడితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కున్‌హాయ్ అలవాటు కొద్దీ “అయ్యో, కాదన్నారే” అనబోయి, మధ్యలో ఆగి, చెక్కల వంకా వదిన వంకా చూశాడు.

“కాదంటోంది వదినా. కోపం లేదంటోంది అమ్మ” అన్నాడు.

పావోలియెన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడ నోట ‘కాదు’ అన్న మాట వినని రోజు లేదు. వినాలనుకుని వినడం మాత్రం ఇదే మొదటిసారి.