పైడమ్మ గీసిన మూడో కణం

నేను ఒక ఒంటికంటి మైక్రోస్కోపుని. అంబాలాలో పుట్టి, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో రైలెక్కి, సముద్రం పక్కనున్న ఓ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికి చేరాను. ఎంతమంది చేతులు మారానో! ఒకాయనైతే నాలోకి చూడకుండానే "ఆహా, అద్భుతం!" అనేవారు. మనుషులకి చూడటంకంటే చూశామని చెప్పుకోవడమే ఇష్టం.

చివరికి దయారత్నం మేడమ్ చేతికొచ్చాను. పాఠం మొదలెట్టేముందు ఆవిడ క్షణం కళ్లు మూసుకునేవారు. కునుకు తీస్తున్నారని పిల్లలు నవ్వుకునేవారు గానీ, అది ప్రార్థన. "పుస్తకంలో బొమ్మ రికార్డులోకి దించేయకండర్రా. చూడనిది చూశానంటే అది అబద్ధ సాక్ష్యమే. దేవుడు చేసిన ఆకుని ఉన్నదున్నట్టు గీయడమే నాకు ఆరాధన" అనేవారు. ఆ మాట వింటే నాకెంత గర్వమో!

ఒకరోజు పైడమ్మ అనే ఎమ్మెస్సీ అమ్మాయి, కొండమీంచి కోసుకొచ్చిన ఆకు పొరని నాలోంచి గంటసేపు చూసి బొమ్మ గీసింది. ఆ ఆకు మీది ప్రతి రంధ్రం పక్కనా రెండు కణాలుంటాయని పుస్తకంలో ఉంది. పైడమ్మ మూడు గీసింది. మేడమ్ నావైపైనా వంగలేదు. "చూసి గీయలేదు" అని ఎర్రసిరాతో రాసి, రికార్డు మీద సంతకం పెట్టనన్నారు.

"నాను సూసిందే గీసినానండి మేడమ్" అంది పైడమ్మ.

సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్ పరీక్షకి రానివ్వరు. పైడమ్మ చదువు మానేసి ఊరెళ్లిపోయింది. ఛీ, నాకు నోరుంటే ఎంత బాగుండేది!

ఏడాది తర్వాత మేడమ్ తన పరిశోధన కోసం అదే ఆకుని నా కింద పెట్టారు. చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మూడే. బీరువాలోంచి పైడమ్మ పాత రికార్డు వెతికి తీశారు.

మేడమ్ వెళ్లే చర్చికే వెళ్లే అటెండరు ఏసుదాసు ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. "ఏటి మేడమ్ గారూ, మూడు నెల్లయి బల్ల తీసుకోవట్లేదేటి?"

నెలలో మొదటి ఆదివారం వాళ్లు పంచుకునే రొట్టె, ద్రాక్షరసాన్నే బల్ల అంటారట.

"ఓ పిల్లకి అన్యాయం చేశాను, ఏసుదాసూ. ఆ పిల్ల ముందు ఒప్పుకోకుండా బల్లలో ఎలా చెయ్యి పెట్టను?"

ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, ఓ శనివారం పైడమ్మ వచ్చింది, చంకలో బిడ్డతో. నిండు క్లాసులో మేడమ్ లేచి నిలబడ్డారు. "ఈ అమ్మాయి నిజం గీసింది. చూడకుండా అబద్ధ సాక్ష్యం చెప్పింది నేను." పాత రికార్డు మీద సంతకం పెట్టారు. తన పరిశోధన వ్యాసంలో మొదటి పేరు పైడమ్మదని చూపించారు. "మళ్లీ చేరమ్మా" అని బతిమాలారు.

పైడమ్మ వంగి నాలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"మూడున్నాయండి. ఆ రోజూ ఉన్నాయి కదండి, మేడమ్." బిడ్డని సర్దుకుంది. "ఇంక సదువు కుదరదండి."

మర్నాడు మేడమ్ బల్ల తీసుకున్నారని ఏసుదాసు చెప్పాడు. రిటైరయ్యేదాకా ఆవిడ నాలోకి చూడకుండా ఎర్రసిరా ముట్టలేదు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. ఒంటరితనం అంటే ఇదేనేమో, పలకరించే దిక్కు లేదు. పైడమ్మ చూసిన ఆ ఆకు ఇంకా నా కిందే ఎండిపోయి ఉంది. పిల్లలొస్తారు, "తాకరాదు" అన్న కార్డు చదువుతారు, నన్ను చూశామనుకుని వెళ్లిపోతారు.