హ్యాండిల్ తిప్పిన అక్సా

రోజూ తొమ్మిదిన్నరకు పద్మారావు నగర్‌లో జెరెమియా ఆటో ఎక్కి, బేగంపేట కాలేజీకి వెళ్లి తత్త్వశాస్త్రం చెప్పేది అక్సా. ఎక్కడికో చెప్పే పని లేదు. ఎక్కిన మనిషి ఎక్కడికి చేరబోతాడో ఆ ఆటోకు ముందే తెలుసు. హ్యాండిల్ దానంతటదే అటు తిరిగేది. బ్రేకులు, హారన్ మాత్రం జెరెమియావి. బ్యాంకుకని ఎక్కిన విష్ణువర్ధన్ గారిని తిన్నగా ఆసుపత్రిలో దింపితే, అక్కడ అప్పుడే పుట్టిన మనవరాలు కనిపించింది. దానికెవరూ ఆశ్చర్యపోలేదు. ఆటోలో కుదుపులెక్కువని మాత్రం అందరూ సణిగేవాళ్లు.

"మన ఇష్టం అనుకునేదంతా ముందే ఖాయమైపోయింది. నమ్మకపోతే జెరెమియా ఆటో ఎక్కండి" అనేది అక్సా క్లాసులో.

ఆ గురువారం పది గంటలకు సీతాఫల్‌మండి చర్చిలో ఆమె అక్క ఆలిస్ పెళ్లి. భర్త పోయిన తొమ్మిదేళ్లకు, నలభై ఎనిమిదో ఏట, తోటి టీచర్ కాలేబును చేసుకుంటోంది. "ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అని అక్సా ఫోన్ పెట్టేసి మూడు నెలలైంది.

ఆ రోజూ ఎప్పటిలాగే కాలేజీకని ఆటో ఎక్కింది. చౌరస్తాలో హ్యాండిల్ బేగంపేట వైపు తిరిగింది. అక్క పెళ్లి వేళ గుర్తొచ్చి అక్సా సీటు అంచుకు జరిగింది.

"జెరెమియా, సీతాఫల్‌మండి పోనీ!"

"నా చేతిల లేదు మేడమ్. మీరు కాలేజీకే పోతరని దానికెరుక. అంతా ఖాయమని మీరే చెప్తరు గదా!"

"చెప్తాను! తిప్పు!"

కొంగు నడుముకు దోపి, ముందుకు వంగి తనే హ్యాండిల్ పట్టుకుంది. రాయిలా బిగుసుకుపోయింది అది. ఆటో నడిరోడ్డు మీద ఆగింది. వెనక బస్సు హారన్ మోగిపోతోంది.

"ఏందీ మేడమ్ గిట్ల! పదకొండేండ్లల్ల ఎవ్వరూ..."

"లాగు!"

ఇద్దరూ పళ్లు బిగించి లాగారు. ఉన్నట్టుండి హ్యాండిల్ దూదిలా తేలికైపోయింది. ఆటో గిర్రున తిరిగింది. ఇద్దరూ ఒక్కసారే కేక పెట్టారు.

"మీరు తిప్పుతరని సుత ముందే ఖాయమైందేమో మేడమ్!"

"అయితే అవనీ, జెర స్పీడు పెంచు!" అక్సా పగలబడి నవ్వుతోంది. కళ్లలో నీళ్లు.

చర్చి మెట్ల మీద ఆలిస్ తెల్లచీరలో ఒంటరిగా నిలబడి ఉంది. లోపల పాట మొదలైంది. చేయి పట్టుకుని నడిపించేవాళ్లు లేక రోడ్డు వైపే చూస్తోంది. ఆటో ఆగీ ఆగకముందే అక్సా దూకేసింది.

"వచ్చావా! కాలేజీ లేదూ?"

"ఉంది."

అక్క చేయి అందుకుంది అక్సా.

"ఎవరు తీసుకొచ్చారే నిన్ను?" అంది ఆలిస్.

"నేనే వచ్చానక్కా. ఎవరూ తీసుకురాలేదు."

ఇద్దరూ గుమ్మం దాటారు.