పెరటి గుమ్మంలో ఎమ్మెల్యే

ఎనభయ్యారు వరదొచ్చి వెళ్లిన తొమ్మిదో ఏడది. లక్ష్మీదుర్గ కొత్తగా ఎమ్మెల్యే అయింది. ఆ పొద్దుట వీధి అరుగు మీద పత్రికాయన కూర్చుని, "మేడం గారి నేపథ్యం చెప్పండి. నియోజకవర్గానికి ముందుగా ఏం చేస్తారు?" అని అడుగుతుంటే, మేడం గారు లోపల కాఫీ కలుపుతోంది.

"రాసుకోండి," అన్నాడు భర్త జగన్నాథరావు. "రైతు కుటుంబం. మా నాన్నగారి ఆశయాలే ఆవిడ ఆశయాలు. మొదటి పని కాలవగట్టు రోడ్డు. తుప్పలు కూడా కొట్టించేశాం."

గ్లాసులు అందిస్తూ విన్నది దుర్గ. ఎవరి గురించో చెబుతున్నట్టుంది. మామగారు పోయాక సీటు కోసం అన్నదమ్ములు కొట్టుకుంటే, పార్టీవాళ్లు తగువు తీర్చడానికి తనకిచ్చారు. సరే, మరి తనకేం కావాలి? ఎంత ఆలోచించినా పంచదార సరిపోయిందా లేదా అన్నదే తోచింది.

"రేపు పేపర్లో చదువుకో, ఏం చేస్తావో నీకూ తెలుస్తుంది," అన్నాడాయన. అందరూ నవ్వారు. తనూ నవ్వింది, ఎందుకో తెలీకుండానే.

"చేపలమ్మా!" పెరట్లోంచి కేక. కొత్త మనిషి. "రోజూ వచ్చేది మా అత్తండి. జొరం. నన్ను లోవమ్మంటారు," అని గంప దించింది. వెలిసిపోయిన చీరలో, పిండి చేతులతో వచ్చిన దుర్గని చూసి గొంతు తగ్గించింది.

"ఇక్కడ వంట చేస్తావా అమ్మా? ఎమ్మెల్యే గారికి ఓ మాట చెప్పి పెట్టవా?"

"ఏ ఎమ్మెల్యే గారికి?"

"అదేంటి! గోడల మీద పట్టుచీరలో ఎర్రగా ఉంటాదే, ఆవిడకి. మొగోళ్లకి చెప్పలేం. మార్కెట్టు వెనక గట్టు మీద తుప్పలు కొట్టేశారు. ఆడోళ్లకి చాటు అదొక్కటే. ఇప్పుడు చీకటి పడేదాకా నీళ్లు తాగడం మానేశాం. మా అత్త అలాగే మంచాన పడింది. రోడ్డు వద్దనట్లేదమ్మా. నాలుగు గోడలు, ఓ తలుపు."

"చెప్తాలే," అనేసింది దుర్గ.

లోవమ్మ వెళ్లిపోయినా అక్కడే నిలబడిపోయింది. చెప్తానంది. ఎవరికి? ఆ వరదలో తను కొత్త కోడలు. ఊరంతా బడి డాబా ఎక్కితే, ఎక్కడికి వెళ్లాలో తెలీక ఆడవాళ్లెవరూ నీళ్లు ముట్టలేదు. చుట్టూ గోదారే, గొంతులో చుక్క లేదు. మామగారు పడవలో పులిహోర పంచుతున్న ఫొటో ఇప్పటికీ హాల్లో ఉంది. అందులో తను లేదు. అప్పుడు డాబా మీద మగవాళ్ల వెనక ఎక్కడో ముడుచుకుని కూర్చుంది. తన నేపథ్యం అదేనా? అదెవరైనా రాసుకుంటారా?

రాత్రి భోజనాల దగ్గర అంది: "ఆ గట్టు మీద ఆడవాళ్లకి మరుగుదొడ్లు..."

"అన్నం ముందా ఆ మాట?" కంచం జరిపాడు జగన్నాథరావు. "అసెంబ్లీలో లేచి అది మాట్లాడతావా? మా నాన్న పరువేం కాను? పెరుగెయ్యి."

వేసింది.

మర్నాడు అరుగు నిండా మనుషులు. కాఫీ రాలేదు. జగన్నాథరావు వంటింట్లోకొచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. పెరట్లో మామగారి పేము కుర్చీలో దుర్గ. ఎదురుగా గంపలతో నలుగురు ఆడవాళ్లు. లోవమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నువ్వేనా తల్లీ!" అంటోంది.

"ఏంటిది దుర్గా? అవతల అందరూ చూస్తుంటే!"

తను చేస్తున్నది సరైనదో కాదో ఇంకా తెలియట్లేదు. ఆయన రోజూ అరుగు మీద అడిగే మాటే నోటికొచ్చింది.

"ఏం పని మీద వచ్చారండీ? రోడ్డు గురించైతే కాస్త ఆగాలి. ముందు వీళ్ల గోడలు లేవాలి."

ఆయన లోపలికెళ్లి పాలగిన్నె ఎక్కడుందో వెతకడం మొదలెట్టాడు.