ఇచ్చేసిన ఊరు

దేశాలను కలిపేది కలలు కనేవాళ్ళా, బేరాలాడేవాళ్ళా అని అడిగితే అక్షయ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: బేరాలాడేవాళ్ళే. ఆక్లాండ్‌లో రీసెర్చ్ చేస్తూ మొదటి ఏడాది పిల్లలకు ఇటలీ ఏకీకరణ పాఠం చెబుతుంది. కలగన్నవాడు మాజిని, కత్తి పట్టినవాడు గారిబాల్డి, బేరమాడి పని కానిచ్చినవాడు కవూర్. ఆ బేరంలో గారిబాల్డి పుట్టిన నీస్ పట్టణమే ఫ్రాన్సు పాలైంది. "అయితేనేం, ఇటలీ వచ్చిందిగా" అనేది అక్షయ. ఎవరి ఊరో ఇచ్చేస్తే తనదేం పోయింది కనుక!

2016 చలికాలంలో ఆమెకూ ఆ పాఠం వంటబట్టింది. హైదరాబాద్ ఏజెంటు వీసా దరఖాస్తుల్లో దొంగ బ్యాంకు కాగితాలు పెట్టిన పాపానికి పదిమంది తెలుగు స్టూడెంట్ల వీసాలు రద్దయ్యాయి. వాళ్ళలో ఆమె తమ్ముడు విఠల్ ఒకడు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్న ఆ పిల్లలను ఒక్కతాటి మీదికి తెచ్చింది అక్షయే. వానలో క్వీన్ స్ట్రీట్ వెంట నిరసనగా నడిపించింది. ఇమిగ్రేషన్ వాళ్ళ ఇంటర్వ్యూలో ఉన్నది ఉన్నట్టు చెప్పండని నూరిపోసింది. అందరూ తలూపారు. లోపలికెళ్ళి తొమ్మిదిమంది మాకేం తెలియదన్నారు. విఠల్ ఒక్కడే, కాగితాలు దొంగవని తనకు తెలుసని కుండ బద్దలు కొట్టాడు.

తెలుగు సంఘం పెద్ద కృష్ణారావు వాళ్ళనూ వీళ్ళనూ పట్టుకుని ఒక దారి సంపాదించాడు. ఆయన చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఆ వీలు కూడా లేదు.

"ఇమిగ్రేషన్ వాళ్ళు మళ్ళీ విచారిస్తామన్నారమ్మా. మోసపోయినవాళ్ళ అర్జీ అయితేనే. తెలుసని ఒప్పుకున్న మీవాడి పేరు కూడా అందులో ఉంటే మిగతావాళ్ళనీ నమ్మరు. నువ్వు ఊఁ అంటేనే పిల్లలు సంతకం పెడతామంటున్నారు."

"నిజం చెప్పింది వాడొక్కడే గద అంకుల్."

"తెలుసమ్మా. నన్నేం చేయమంటావు చెప్పు?"

తమ్ముణ్ణి వదలనంటే పదిమందీ తిరుగు విమానం ఎక్కాల్సిందే. ఊఁ అంది. ఆ మాట నోట్లోంచి రావడానికి ఆమెకు చచ్చినంత పనైంది.

ఇంకెవరి నోటనో వినకూడదని, సాయంత్రం తనే విఠల్ ఫ్లాట్‌కి వెళ్ళి, తను రాసిన అర్జీ వాడి చేతిలో పెట్టింది. కింద పేర్లు ఇంకా పడలేదు. వాడు ఇంగ్లీషంతా నిదానంగా చదివి, అక్క ముఖం చూసి, మళ్ళీ కాగితం మొదటికొచ్చి మొదటి మాట మీద వేలు పెట్టాడు.

"మంచిగ రాసినవక్కా. గీ 'వుయ్' అంటే మనమా, మేమా?"

ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో దాక్కోవడానికి చోటు లేదు.

"మేము" అంది అక్షయ.