ఇరవై మూడు నిమిషాలు

ఆమె స్టవ్ కట్టేసి రెండడుగులు వేసిందో లేదో, అత్తగారు వచ్చి మీట తిప్పి చూశారు. రోజూ జరిగేదే. గేటు గడియ, నీళ్ళ మోటారు, పాప స్కూలు సంచి, ఏది ఆమె చేతి మీదుగా వెళ్ళినా వెనకాలే ఇంకో చెయ్యి వచ్చి తడిమి పోతుంది. అందులో దురుసుతనమేమీ లేదు. నీ ధ్యాస ఎక్కడుంటుందో నీకే తెలీదు కదమ్మా అని నవ్వుతూనే అంటారావిడ. కాలేజీలో పాఠాలు చెప్పే భర్తదీ అదే వరస. అతను ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు వేశానంటే మాత్రం, "వేశావా, వేశాననుకుంటున్నావా?" అని అడుగుతాడు. పెళ్ళయిన కొత్తలో వేశాననే చెప్పేది. తొమ్మిదేళ్ళలో ఆ మాట అరిగి అరిగి "వేశాననే అనుకుంటున్నా" దగ్గర ఆగింది. అలా అంటే ఇంకో ప్రశ్న రాదు. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది.

విచిత్రమేమిటంటే ఆమె ఉద్యోగమే చూడటం. సముద్రం మీద గస్తీ తిరిగే సైనిక విమానంలో రాడార్ తెర ముందు కూర్చుంటుంది. ఆ విమానం సంగతులు చుట్టాలకు చెప్పడమంటే భర్తకు భలే హుషారు. పది గంటలు గాల్లో ఉంటుందట, నీళ్ళలోకి వినికిడి యంత్రాలు జారవిడిచి లోతున నక్కిన జలాంతర్గామి చప్పుడు పట్టేస్తుందట, అలల మధ్య చెంబంత వస్తువు తలెత్తినా రాడార్ వదలదట, ఎంతో దూరాన్నుంచి ఓడ మీద పేరు చదివేస్తుందట. "అన్నీ అదే చూసుకుంటుంది కాబట్టే ఈవిడ ఉద్యోగం నిలబడింది" అని చివర్న ఒక విసురు. అందరికన్నా ముందు ఆమే నవ్వేది.

రాడార్ వదలదన్న మాట నిజమే. అదే చిక్కు. సముద్రం పొంగి ఉన్న రోజున తెర నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు. వాటిలో ఏది అల, ఏది మనిషి చేసిన వస్తువు అన్నది తెర ముందున్న మనిషి చెప్పాలి. చూడటం ఆమెకు వచ్చు. శిక్షణలో ఆమె కన్ను పట్టినన్ని చుక్కలు ఇంకెవరికీ దొరకలేదు. చూసింది పైకి చెప్పడం దగ్గరే తడబడేది. ఏం కనిపించినా "ఏమో సార్, ఉన్నట్టుంది" అనేది. విమానంలో వాళ్ళు ఆమెకు ఏమోగారని పేరు పెట్టారు. ముద్దుగానే పెట్టారు.

ఆ రోజు వాళ్ళు వెతుకుతున్నది శత్రువును కాదు. నలుగురు పనివాళ్ళతో వెళ్తున్న సరుకు పడవ ఒకదాని జాడ ముందురోజు సాయంత్రం నుంచి తెలియట్లేదు. కింద మబ్బు గోడ కట్టినట్టు కమ్ముకుని ఉంది. మబ్బులోంచి రాడార్ చూడగలదు గానీ కెమెరా చూడలేదు. కెమెరాకు అందాలంటే విమానం మబ్బు కిందికి, అలల నెత్తి మీదికి దిగాలి. దిగితే ఇంధనం గబగబా ఖర్చవుతుంది, మిగతా సముద్రాన్ని వెతికే సమయం తగ్గిపోతుంది. అందుకే ఊరికే దిగరు.

పదకొండూ ఎనిమిదికి ఎడమవైపు ఒక చుక్క కనిపించింది. మెరిసింది, మళ్ళీ మెరిసింది, పోయింది, మళ్ళీ అక్కడే మెరిసింది. అల ఒకేచోట అన్నిసార్లు లేవదు. ఆ సంగతి ఆమె కంటికి, మెడ మీద నిక్కిన వెంట్రుకలకు కూడా తెలిసిపోయింది.

"సార్, ఎడమవైపు ఏదో ఉన్నట్టుంది. అలేనేమో మరి."

వెనక సీట్లోంచి కమాండర్ అడిగాడు. "ఖచ్చితంగా చెప్పగలరా? దిగితే ఉత్తరం వైపు వెతకలేం."

ఆయన విసుక్కోలేదు. అడగాల్సిందే అడిగాడు. కానీ ఆ ప్రశ్న ఆమె చెవిలో వేరే గొంతుతో పడింది. చూశావా, చూశాననుకుంటున్నావా? తను చెప్పి, దిగాక అక్కడ ఖాళీ డ్రమ్ము తేలుతూ ఉంటే? ఆ నలుగురూ ఉత్తరాన ఉండి, తనవల్ల దొరక్కపోతే?

"ఏమో సార్" అంది.

విమానం ముందుకు పోయింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. అంతకుముందు పడ్డది తప్పు చెప్తానేమోనన్న భయం, దానికి అలవాటు పడిపోయింది. ఇది వేరు. తెర మీద కొత్త చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె కళ్ళు వాటి మీదున్నాయి గానీ మనసు వెనక్కి, ఆ ఒక్క చోటికే ఈడుస్తోంది. ఇంత ఆలస్యంగా చెప్తే ఇందాకే ఎందుకు చెప్పలేదంటారు. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎవరికీ తెలియదు కూడా. ఆ మాట మనసులో మెదిలాక ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. నలుగురు మనుషుల ప్రాణం కన్నా, ఇంకొక ప్రశ్న రాకుండా ఉండటం తనకు ముఖ్యమైపోయిందా? ఎప్పటి నుంచి?

"సార్, వెనక్కి తిప్పండి. ఇందాకటిది అల కాదు. నేను చూశాను."

పక్క సీట్లో కెమెరా చూసే అమ్మాయి తలతిప్పి ఆమె మొహంలోకి చూసింది. గడియారంలో పదకొండూ ముప్ఫై ఒకటి. విమానం ఒక రెక్క మీదికి ఒరిగి తిరిగింది.

మబ్బు చీల్చుకుని కిందికి వచ్చేసరికి సముద్రం ఎగిరెగిరి పడుతోంది. "అక్కా" అంది కెమెరా అమ్మాయి, తెర చూపిస్తూ. వేడిని పట్టే కెమెరా తెర మీద బోర్లాపడిన పడవ అడుగు, దాని మీద తెల్లని మచ్చల్లా మనుషులు. ముగ్గురు. విమానం కడుపు తెరిచి గాలి తెప్ప జారవిడిచారు. దగ్గర్లో ఉన్న ఓడకు దారి చెప్పి, అది వచ్చేదాకా పైన చక్కర్లు కొడుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి ఓడ నుంచి కబురు వచ్చింది. ముగ్గురూ క్షేమం. నాలుగో మనిషి, పడవలో వంట చేసేవాడు, రాత్రంతా వాళ్ళతోనే పడవను పట్టుకుని ఉన్నాడట. మొదటిసారి విమానం మోత వినగానే అరిచాడట. మోత దూరమైపోతుంటే చేతులు వదిలేశాడట.

కమాండర్ ఆ కబురును రెండుసార్లు చదివాడు. దిగాక ఆమెను పక్కకు పిలిచి, నివేదికలో పదకొండూ ముప్ఫై ఒకటి నుంచి రాయమన్నాడు. ముందు చెప్పింది స్పష్టమైన సమాచారం కాదు కదా, మీ మంచి కోసమే చెప్తున్నాను అన్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. మంచి తనది మాత్రమే కాదని ఆమెకు అర్థమైంది.

నివేదిక గదిలో ఒక్కతే కూర్చుంది. నిజం రాస్తే విచారణ పెడతారు. తెర ముందు నుంచి లేపేస్తారేమో. ఇంట్లో మేం అనుకుంటూనే ఉన్నాం అంటారు. ఆ వంటవాడికి భార్య ఉంటే ఈ కాగితం ఆమె చేతికి కూడా వెళ్తుంది. అయినా రాసింది. పదకొండూ ఎనిమిదికి చూశాను. అది అల కాదని నాకు తెలుసు. తెలిసీ గట్టిగా చెప్పలేదు.

కమాండర్ కాగితం చదివాడు. "ఇది పైకి వెళ్తే ఇద్దరం జవాబు చెప్పుకోవాలి."

"అవును సార్."

ఆయన సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వార్త తనకంటే ముందే చేరింది. అత్తగారు పక్కింటివాళ్ళకు అప్పటికే చెప్పేశారు. భర్త మొహం వెలిగిపోతోంది. విమానమే కనిపెట్టిందా, నువ్వే చూశావా అని పరాచికమాడాడు. రాత్రే మునిగిపోయి ఉంటాడు పాపం ఆ నాలుగోవాడు, మిగిలిన ముగ్గురూ నీ పుణ్యాన బతికారు అన్నారు అత్తగారు, కంచంలో వడ్డిస్తూ.

ఆమె కంచం పక్కకు జరిపింది.

"నేను చూసినప్పుడు నలుగురున్నారు అత్తయ్యా" అంది.