నలభై నాలుగు కోసం ప్రార్థన

మా అమ్మాయి ప్రెయిస్‌కి డిగ్రీలో టూ-వన్ వచ్చింది, అంటే ఫస్ట్‌క్లాసుకు ఒక్క మెట్టు కింద. ఇక్కడ ఏ డిగ్రీ చేసినా మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టొచ్చు, అందుకు అది చాలట. అంతటితో ఊరుకుందా? తను చదివింది చరిత్ర, ప్రవేశ పరీక్షలో కెమిస్ట్రీ ఉంటుందని, లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ కెమిస్ట్రీ కోర్సులో చేరింది. మొదటి పరీక్షలో నూటికి నలభై నాలుగు వచ్చింది.

నాకు అన్నం సహించలేదు. డిగ్రీ తర్వాత చదివిన కోర్సుల మార్కుల్ని కూడా డిగ్రీ మార్కుల్లో కలిపేస్తారని ఒక తెలుగావిడ వీడియోలో చెప్పింది. గిన్నెడు పాలల్లో ఒక్క నిమ్మచుక్క పడితే చాలదూ? "శుక్రవారంతో గడువట, ఆ లోపల కోర్సులోంచి పేరు తీయించుకోవే" అని దాని వెంటపడ్డాను.

"స్టాప్ ఇట్, మామ్! ఇట్స్ గ్రాండ్."

ఈ దేశంలో కాలు విరిగినా, బాగానే ఉందన్నట్టు గ్రాండ్ అనే అంటారు. నేను నమ్మలేదు.

గురువారం సాయంత్రం జూమ్ కూటంలో మా సంఘం పాస్టరు ఆమోసు అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. ఈ దేశంలో దక్షిణాన బాలింకాలిగ్ నుంచి ఉత్తరాన లెటర్‌కెన్నీ దాకా ముప్పై తెలుగు కుటుంబాలున్నాయి.

"పేరు చెప్పను గానండీ, మా ఇంట్లో ఒకరికి కెమిస్ట్రీలో నలభై నాలుగొచ్చింది. అది డిగ్రీలో కలవకుండా ప్రార్థన చేయండి" అన్నాను.

మా ఇంట్లో ఉన్నదే ముగ్గురం. మా ఆయన యెషయా తల పట్టుకున్నాడు.

అయ్యగారు కళ్లు మూసుకున్నారు. "ఎర్ర సముద్రాన్ని పాయలు చేసిన దేవా, ఈ మార్కుల్ని ఆ మార్కుల నుంచి వేరు చెయ్యి తండ్రీ!"

ముప్పై ఇళ్లూ ఆమేన్ అన్నాయి. మెట్ల మీద దబదబమని చప్పుడు. ప్రెయిస్ వచ్చి నా పక్కన కూలబడింది.

"అంకుల్, అవి ఆల్రెడీ వేరే. నేను అప్లై చేసే కాలేజీలకి ఈమెయిల్ పెట్టి అడిగాను. డిగ్రీ మార్కు ఇంక మారదు. మామ్ చూసిన వీడియో అమెరికాది."

"చూశారా పుష్పవతమ్మా! మనం అడగకముందే జవాబొచ్చింది" అన్నారు అయ్యగారు.

నాకు గుండె కుదుటపడింది. అంతలోనే ఇంకో అనుమానం. "అయితే తొంభై వచ్చినా కలవదా?"

"కలవదు."

"మరెందుకే ఈ తంటా?"

"నాకు కెమిస్ట్రీ రావాలి, మామ్. మార్కు కాదు."

శుక్రవారం దాటిపోయింది. పేరు తీయించుకోలేదు. నెల తిరిగేసరికి రెండో పరీక్షలో డెబ్బై ఎనిమిది తెచ్చుకుంది. డెబ్బై ఎనిమిది! అదీ కలవదట.

నాకు ఆ పూట కూడా అన్నం సహించలేదు.